సైదాబాద్ సిగ్నల్ దాటిన పాత కారు

మొదటి రోజు, శుక్రవారం

మా కారు 2003 మోడల్, పెట్రోలు బండి. నాన్న ఎంతో ఇష్టపడి కొన్నది. నాన్న పోయాక ఐదేళ్లుగా నేనే నడుపుతున్నా. రామ్‌నగర్ ఇంటి నుంచి తార్నాక ఆఫీసుకి, మళ్లీ ఇంటికి. అంతకు మించి దానికి పని లేదు. ఈ మే నెలలో అమ్మ శ్రీశైలం పోవాలంది, అదీ నాన్న కారులోనే. బస్సులో వెళ్దామంటే వినలేదు. "ఆయన ఈ కార్లనే రెండుసార్లు తీస్కపోయిండు. మూడోసారి నువ్వు తీస్కపో" అంది. ఆ మాట తర్వాత నాకు ఇంకేం మాట్లాడాలనిపించలేదు.

తెల్లారకముందే బయల్దేరాలనుకున్నాం. సర్దుకునేసరికి ఎనిమిదిన్నర అయింది. చాదర్‌ఘాట్ దాటి మలక్‌పేట రైలు వంతెన కిందికి వచ్చేసరికి బండ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఏసీ ఆన్‌లో ఉంది. టెంపరేచర్ ముల్లు మామూలుగా ఉండే చోటు కంటే కాస్త పైన కనిపించింది. ఎండ కదా అని సర్దిచెప్పుకున్నా. సైదాబాద్ సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఎర్ర లైటు పడింది. రెండోసారికి ముల్లు మూడొంతులు దాటింది. ఏసీ నుంచి వచ్చే గాలి కూడా చల్లదనం తగ్గి గోరువెచ్చగా మారింది.

ఏసీ ఆపేశా. హీటర్ నాబ్ పూర్తిగా ఎరుపు వైపు తిప్పి బ్లోయర్ ఫుల్లుగా పెట్టా. మే నెలలో హీటర్ ఏంటని అమ్మ కంగారుపడింది. హీటర్ అంటే డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ నీళ్లు దాని గుండా తిరుగుతాయి, ఆ వేడిని బ్లోయర్ మన మీదికి ఊదుతుంది. మనకు కష్టమే కానీ ఇంజన్‌కి అది కొంత ఊపిరి. ముల్లు అక్కడే ఆగింది, పైకి పోలేదు. సంతోష్‌నగర్ దాటి చాంద్రాయణగుట్ట దగ్గర నీడ చూసుకుని పక్కకు ఆపి ఇంజన్ కట్టేశా. బోనెట్ ఎత్తానే తప్ప రేడియేటర్ మూత ముట్టుకోలేదు. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి. వేడి మీద మూత తిప్పితే ఆవిరితో పాటు మరిగే నీళ్లు ముఖానికి కొడతాయి. చల్లనీళ్లు తెచ్చి ఇంజన్ మీద పోద్దామని ఒకాయన సాయానికొచ్చాడు. దండం పెట్టి వద్దన్నా. కాలుతున్న ఇనుము మీద చల్లనీళ్లు పడితే పగుళ్లు వస్తాయి.

ముప్పావు గంట తర్వాత పక్క సందులోంచి ఒక కుర్ర మెకానిక్ వచ్చాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి కాసేపు చూశాడు. "ఫ్యాన్ తిరుగుతలేదక్కా. డైరెక్ట్ కొట్టేస్తా" అన్నాడు. ఫ్యాన్ మోటార్ దగ్గర వైర్లు కత్తిరించి, బ్యాటరీ నుంచి రెండు కొత్త వైర్లు లాగి మెలేసి టేపు చుట్టాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. బండి ఆపినప్పుడల్లా బ్యాటరీ దగ్గర వైరు తీసేయమని చెప్పి మూడు వందలు తీసుకున్నాడు.

బార్కస్, పహాడీషరీఫ్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ముల్లు నెమ్మదిగా దిగింది. అమ్మ మొహంలో నవ్వొచ్చింది. తుక్కుగూడ దగ్గర టిఫిన్ కోసం ఆగి, ఇంజన్ కట్టకుండా పార్కింగ్ చోటు వెతుక్కుంటూ నాలుగు నిమిషాలు నిలబడ్డామో లేదో, ముల్లు మళ్లీ లేచింది. ఫ్యాన్ మాత్రం హోరున తిరుగుతూనే ఉంది. ఫ్యాన్ తిరుగుతుంటే వేడెందుకు ఎక్కుతోందో నాకు అర్థం కాలేదు. ముందు నల్లమల అడవి, ఘాట్ రోడ్డు ఉన్నాయి. మధ్యలో ఎన్నో మైళ్లు మెకానిక్ అన్నవాడే దొరకడు. అమ్మని తీసుకుని అంత దూరం వెళ్లే ధైర్యం నాకు లేదు.

వెనక్కి తిరిగాం. వచ్చిన దారిలో కాదు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. దూరం ఎక్కువైనా సిగ్నళ్లుండవు, బండి ఆగదు, గాలి తగులుతూనే ఉంటుంది. ఏసీ లేకుండా అద్దాలు దించి ఎడమ వరుసలో 70 మీద నింపాదిగా నడిపి ఘట్‌కేసర్‌లో దిగి, ఉప్పల్ మీదుగా ఇల్లు చేరాం. అమ్మ ఏమీ అనలేదు. సర్దిన సంచి విప్పకుండా అలాగే మంచం పక్కన పెట్టుకుంది.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే బాబాయ్ వచ్చాడు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చేతిలో మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, ఒక పాత ఈనాడు పేపరు. టీ కూడా తాగకుండా అడిగిన మొదటి ప్రశ్న: "ఆగితే ఎక్కుతున్నదా, ఉరికితే ఎక్కుతున్నదా?"

"ఆగితే బాబాయ్. ఉరికితే దిగుతోంది."

"ఆగితే వేడెక్కితే అది గాలి రోగం బిడ్డా. ఉరికితే వేడెక్కితే అది నీళ్ల రోగం."

ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే శుక్రవారం నేను అంత టెన్షన్ పడేదాన్ని కాదు. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పని ఉండదు. ఆగినప్పుడు గాలిని లాగేది ఫ్యాన్ ఒక్కటే. కాబట్టి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కితే ముందు ఫ్యాన్, దాని వైర్లు, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న చెత్త చూడాలి. హైవేలో కూడా వేడెక్కితే లోపల నీళ్లు సరిగా తిరగడం లేదని అర్థం. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ అనే రంగునీళ్లు తగ్గిపోవడమో, నీళ్ల వేడికి తెరుచుకునే థర్మోస్టాట్ అనే చిన్న తలుపు తెరుచుకోకపోవడమో, మన మెకానిక్‌లు వాటర్ బాడీ అనే నీళ్ల పంపు పోవడమో, రేడియేటర్ గొట్టాలు పూడిపోవడమో అయి ఉంటుంది.

రాత్రంతా చల్లారిన ఇంజన్ కాబట్టి ధైర్యంగా మూత తీశాం. నీళ్లు అంచుకు రెండు వేళ్లు కింద ఉన్నాయి, రంగు చూస్తే ఇటుక పొడి కలిపినట్టుంది. కూలెంట్ ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండాలి. ఎప్పుడో ఎవరో బోరునీళ్లు పోసి ఉంటారన్నాడు బాబాయ్. మన ఊళ్లో బోరునీళ్లు గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కట్టిస్తాయో, రేడియేటర్ గొట్టాల్లోనూ అలాగే కట్టిస్తాయి. మూత మీద 0.9 అని అంకె ఉంది. అది మూత పట్టి ఉంచే ఒత్తిడి. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 118 దాకా మరగవు. మూత లోపలి రబ్బరు వాచర్ పగిలి ఉంటే ఆ బలం పోతుంది. మాది పగిలే ఉంది.

తర్వాత ఆయిల్ పుల్ల తీసి చూశాడు. ఆయిల్ నల్లగా ఉంది కానీ పాలు కలిసినట్టు తెల్లగా లేదు. మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి నీళ్లలో బుడగలు వరుసగా వస్తున్నాయేమో చూశాడు. రాలేదు. అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ బాగానే ఉంది. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. అది పోయి ఉంటే ఇంజన్ విప్పాల్సి వచ్చేది.

అప్పుడు బ్యాటరీకి వైరు తగిలించి ఫ్యాన్ తిప్పాడు. ఈనాడు పేపర్లో ఒక పేజీ చింపి కారు ముందు జాలీకి ఆనించి వదిలాడు. ఫ్యాన్ రేడియేటర్ వెనక, ఇంజన్ వైపు ఉంటుంది. ముందు నుంచి గాలిని లోపలికి లాగాలి. అంటే కాగితం జాలీకి అతుక్కోవాలి. అది అతుక్కోలేదు. అంచు రెపరెపలాడి, పొట్ట ముందుకు ఉబ్బి, నా కాళ్ల దగ్గర పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. నా చెయ్యి జాలీ దగ్గర పెడితే వెచ్చటి గాలి బయటికి తగిలింది.

"ఉల్టా తిరుగుతున్నది" అన్నాడు బాబాయ్. ఈ మోటార్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే అది ఆగదు, రెండో దిక్కుకు తిరుగుతుంది. ఆ కుర్రాడు తొందరలో అటుది ఇటు కలిపాడు. చూడ్డానికి ఫ్యాన్ తిరుగుతోంది, చప్పుడు కూడా వస్తోంది, కానీ ఇంజన్ దగ్గరి వేడి గాలినే రేడియేటర్ మీదికి నెడుతోంది. తుక్కుగూడలో నాకు అంతుబట్టని సంగతి ఇదే. వైర్లు మార్చి పెట్టగానే కాగితం చప్పున జాలీకి అతుక్కుంది. గీసుకున్న అడ్డగీతల్లా జాలీ కమ్మీలు కాగితం మీద అచ్చు పడ్డాయి.

నేను అక్కడితో అయిపోయిందనుకున్నా. బాబాయ్ అనుకోలేదు. "అసలు శుక్రవారం ఎందుకు తిరగలేదు? అది చెప్పకుండ బోనెట్ ఎట్ల మూస్తవ్?" అన్నాడు. మెకానిక్ కత్తిరించి వదిలేసిన పాత కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లాస్టిక్ సాకెట్, వైర్ల చివర వేలాడుతోంది. దాన్ని వెలుతురుకి పెట్టి చూపించాడు. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగుకి తిరిగి, ముద్దలా కరిగి, లోపలి పిన్ను పచ్చటి చిలుము పట్టి, కాలి నల్లబడి ఉంది. నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్ని లేపే స్విచ్ రేడియేటర్‌కి బిగించి ఉంటుంది; దాని రెండు తీగల్ని ఒక వైరు ముక్కతో కలిపి, కప్లర్‌లో మీటర్ పెట్టాడు. 12.4 వోల్టులు చూపించింది. బాగానే ఉంది కదా అన్నా. "ఖాళీగ ఉన్నప్పుడు అందరు మంచోళ్లే" అని అదే కప్లర్‌కి ఫ్యాన్ తగిలించి మళ్లీ చూశాడు. 7.9. ఫ్యాన్ మూలుగుతూ కదిలి ఆగిపోయింది. బరువు పడగానే కాలిన పిన్ను దగ్గరే కరెంటు ఆగిపోతోంది. ఫ్యూజు బాగుంది, స్విచ్ చెప్పగానే ఫ్యాన్‌కి కరెంటు కలిపే రిలే టిక్ మంటోంది. టెస్ట్ ల్యాంప్ ఒక్కటే పెట్టుకుని చూసి ఉంటే బల్బు వెలిగేది, వైరింగ్ బాగుందని మోసపోయేవాళ్లం.

ఆ పిన్ను ఎందుకు కాలింది? వైర్లన్నీ పీకి ఫ్యాన్ రెక్క చేత్తో తిప్పమన్నాడు. వైర్లు పీకకుండా ఆ పని ఎవరూ చేయొద్దు. వేడి మీద ఉన్న ఇంజన్ ఆపేసినా కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే లేచి వేళ్లు తెగుతాయి. రెక్క సులువుగా జారలేదు, ఇసుకలో తిప్పినట్టు గరగరలాడింది. బేరింగ్ పోయింది, మోటార్ లోపలికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయి. బలవంతంగా తిరగడానికి మోటార్ ఎక్కువ కరెంటు లాగుతోంది, ఆ వేడికి కప్లర్ కరుగుతోంది. ఒక్క కప్లర్ మార్చి ఊరుకుంటే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ. డైరెక్ట్ కొట్టినా అంతే.

ఆఖరున, మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చేవేళ, థర్మోస్టాట్ డబ్బా రెండు బోల్టులు విప్పాడు. లోపల ఏమీ లేదు. ఖాళీ. ఎన్నేళ్ల కిందటో ఎవరో తీసి పారేశారు. హైదరాబాద్ ఎండకి అదెందుకనే మాట నేనూ చాలాసార్లు విన్నా. ఆ మాట తప్పు. ఇంజన్ తొందరగా సరైన వేడికి రావడానికి, వచ్చాక నీళ్లను రేడియేటర్ వైపు మళ్లించడానికి అది కావాలి. తీసేస్తే చల్లటి వేళ ఇంజన్ చల్లగానే ఉండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడి నీళ్లు కొన్ని రేడియేటర్‌కి పోకుండానే తిరిగొస్తాయి. చలికాలం పొద్దున ముల్లు సగం కూడా లేవకపోతే బండి మంచి కండిషన్‌లో ఉందని నేను సంతోషపడేదాన్ని.

సాయంత్రం ఇద్దరం రాణిగంజ్ వెళ్లాం. పాత మోటార్, పాత స్విచ్ సంచిలో వేసుకుని వెళ్లడం మంచిదైంది. మొదటి షాపాయన కారు పేరు వినగానే ఒక స్విచ్ తెచ్చాడు. మర ఒకటే, సైజు ఒకటే, కానీ దాని మీద అచ్చేసిన డిగ్రీలు వేరు. మా పాతదాని కంటే ఎక్కువ వేడికి గానీ అది ఫ్యాన్ని లేపదు. మూడో షాపులో సరైనది దొరికింది. మోటార్ 1,900, స్విచ్ 450, థర్మోస్టాట్ 380, మూత 150. పాత మోటార్‌కే బ్రష్‌లు వేసిస్తానని ఒకాయన అన్నాడు. బేరింగ్ కూడా పోయింది కాబట్టి వద్దనుకున్నాం. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, కొత్త కప్లర్ తీసుకుని తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది.

మూడో రోజు, ఆదివారం

కొత్త వస్తువు కదా అని గుడ్డిగా బిగించడం బాబాయ్‌కి నచ్చదు. అమ్మని అడిగి ఒక పాత టీ గిన్నె తీసుకున్నాడు. థర్మోస్టాట్‌ని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, మల్టీమీటర్ టెంపరేచర్ తీగ పక్కన ముంచి పొయ్యి వెలిగించాడు. అమ్మ కూడా వచ్చి నిలబడింది. ఇత్తడి ముక్క, మధ్యలో రూపాయి బిళ్లంత మూత, కింద స్ప్రింగు. దాని మీద 82 అని ఉంది. 80 దాకా కదల్లేదు. 83 దగ్గర మూత పక్కన వెంట్రుకంత సందు కనిపించింది. 90 దాటాక చిటికెన వేలు మందాన పైకి లేచింది. పొయ్యి కట్టేస్తే మెల్లగా మళ్లీ మూసుకుంది. "గుడి తలుపు లెక్క ఉన్నది" అంది అమ్మ.

మోటార్, స్విచ్ బిగించి, కత్తిరించిన వైర్లకు కప్లర్ టంకం వేయడం గంటన్నర పని. ఎక్కువ సమయం పట్టింది కడగడానికే. రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్ జాలీకీ రేడియేటర్‌కీ మధ్య సందులో దూది, ఎండుటాకులు, పురుగులు, దుమ్ము కలిసి కంబళిలా పేరుకుని ఉన్నాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కడిగాం. ప్రెషర్ గన్ పెడితే సన్నటి రెక్కలు ఒరిగిపోయి గాలి దారి మూసుకుపోతుంది. లోపలి నీళ్లు నాలుగుసార్లు మార్చాక గానీ ఇటుక రంగు పోలేదు.

సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి సన్నగా పోశాం. హీటర్ ఆన్‌లో పెట్టి, కారు మూతి ర్యాంపు మీద ఎత్తులో ఉంచి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపాం. గాలి ఇరుక్కుంటే స్విచ్ చుట్టూ నీళ్లుండవు, అప్పుడు కొత్త స్విచ్ కూడా పనిచేయదు. ముల్లు మధ్యకు వచ్చి నిలిచింది. ముగ్గురం మాట్లాడకుండా చూస్తున్నాం. టక్ మని రిలే పలికి ఫ్యాన్ లేచింది. వాచీ చూసుకున్నా. 55 సెకన్లకు ఆగింది. మూడు నిమిషాలకు మళ్లీ లేచింది. బాబాయ్ జేబులోంచి మడతపెట్టిన అదే పేపరు ముక్క తీసి జాలీకి ఆనించాడు. అతుక్కుంది.

రాత్రి ఏడింటికి, ఆదివారం సినిమాలు వదిలే రద్దీలో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టూ ఏసీ వేసుకుని రెండు చుట్లు తిరిగా. ముల్లు కదల్లేదు. ఇంటికొచ్చి చూస్తే అమ్మ సంచి గుమ్మం దగ్గరికి చేరింది. "రేపు సోమవారం" అంది.

నాలుగో రోజు, సోమవారం

నాలుగింటికి బయల్దేరాం. నిద్రపోతున్న సైదాబాద్, సంతోష్‌నగర్ పది నిమిషాల్లో దాటాం. కడ్తాల్, ఆమనగల్లు దాటాక తెల్లారింది. డిండి దగ్గర ఆగి అమ్మకి చెరువు చూపించా, వేసవి కదా, నీళ్లు బాగా లోపలికి పోయాయి. మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. మేం చేరేసరికి తీసే ఉంది. అడవిలో ఆకులు రాలి చెట్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి. వటవర్లపల్లి దగ్గర కోతులు రోడ్డు మధ్యలో కూర్చుంటే అవి లేచేదాకా ఆగాం. ఆగినప్పుడల్లా నా కళ్లు ముల్లు మీదే.

దోమలపెంట దాటాక ఘాట్ దిగడం మొదలైంది. రెండో గేరులో, బ్రేకు తక్కువ వాడుతూ దిగా. ఒక మలుపులో డ్యామ్ కనిపించింది. కృష్ణమ్మ సన్నగా ఉన్నా అమ్మ చేతులు జోడించింది. అసలు పరీక్ష కింద వంతెన దాటాక సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు ఉంది. వేగం తక్కువ, ఇంజన్‌కి బరువు ఎక్కువ, ఎదురుగాలి లేదు. గాలి రోగం ఉన్నా నీళ్ల రోగం ఉన్నా అక్కడ బయటపడాల్సిందే. ఏసీ కట్టేసి, ముందు లారీ వెనక రెండో గేరులో ఎక్కా. ముల్లు మధ్య గీత మీద ఒక నూలు పైకి లేచింది. ఫ్యాన్ అందుకుంది. మళ్లీ గీత మీదికి వచ్చింది. పైకి చేరేదాకా అంతే.

దర్శనానికి రెండు గంటలు పట్టింది. మల్లికార్జునుడి దగ్గర అమ్మ చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. భ్రమరాంబ అమ్మవారి దగ్గర కుంకుమ తీసుకుని, బయటికొచ్చాక కారు బోనెట్‌కి బొట్టు పెట్టింది. భోజనం చేసి మూడింటికి తిరుగు ప్రయాణం.

ఎనిమిదింటికి సైదాబాద్ సిగ్నల్ దగ్గర ఆగాం. అదే చోటు, అదే రద్దీ, ఏసీ నడుస్తోంది. ఎర్ర లైటు రెండుసార్లు పడింది. అమ్మ ఒళ్లో లడ్డూ పొట్లం పెట్టుకుని ముల్లునే చూస్తోంది. బోనెట్ కింద చప్పుడు మొదలైంది.

"ఫ్యానేనా?"

"అవునమ్మా."

ఇంటికొచ్చి బాబాయ్‌కి ఫోన్ చేశా. దర్శనం ఎట్లయిందని తర్వాత అడిగాడు, ముందు ముల్లు ఎక్కడుందన్నాడు. మధ్యలోనే ఉందన్నా. "పొద్దుగాల్ల ఇంజన్ సల్లగ ఉన్నప్పుడు కూలెంట్ చూడు, తగ్గితే ఎంత తగ్గిందో రాసిపెట్టు" అన్నాడు. మంగళవారం పొద్దున మూత తీసి చూశా. అంచు దాకా ఆకుపచ్చగా ఉంది.